ముందు బండి, ఆ తర్వాతే భోజనం

చూడని కారు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ కార్లన్నిటినీ కిందికి దూరి మరీ చూశాను. నేను కొనుక్కున్న కారొక్కటే చూడలేదు.

చూడకుండా ఎలా కొన్నావయ్యా అంటే, దానికో ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఉంది. ఇంజను సంతృప్తికరం, గ్యాసు కిట్టు సంతృప్తికరం, పెట్రోలు మీదా గ్యాసు మీదా నడక సంతృప్తికరం అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. అడుగున సంతకం. అంత చక్కటి రిపోర్టు చూశాక ఎవరైనా కొంటారు. నేనూ కొన్నాను. ఆ రిపోర్టు రాసినవాడి మీద నాకంత నమ్మకం. ఎందుకంటే రాసింది నేనే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "పాత బండి నమ్మదగ్గదో కాదో కాగితాలు చూసి ఎలా చెప్పాలండీ?" అని అడుగుతుంటారు. నేను పెద్దమనిషిలా గొంతు సవరించుకుంటాను. లోపల్నుంచి మా ఆవిడ సత్యవతి, "ఆ తెల్లకారు సంగతి చెప్పండి ముందు" అని కేకేస్తుంది. అందుకని ముందు తెల్లకారు సంగతే చెబుతున్నాను.

గట్లూ గుట్లూ

నేను రాజమండ్రిలో వాహనాల సర్వేయరుని. సర్వేయరనగానే చాలామంది, "మా గట్టు పక్కవాడు జరిపేశాడండి, వచ్చి కొలవాలి" అని వచ్చేవారు. గట్లు కొలవడం నా పని కాదు, గుట్లు తవ్వడం నా పని అని చెప్పి పంపేవాణ్ణి. బీమా గడువు దాటిపోయిన బండికి మళ్ళీ బీమా చెయ్యాలన్నా, పాత బండి మీద అప్పివ్వాలన్నా, కంపెనీవాళ్ళు ముందు నాలాంటివాణ్ణి పంపుతారు. వెళ్ళి, బండి చూసి, దాని ఆరోగ్యం ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. పని అంతే.

అంతేగానీ అక్కడితో అయిపోదు. కంపెనీ తన కాపీ తను పెట్టుకుంటుంది. ఇంకో కాపీ బండి కాగితాల్లో చేరుతుంది. బండి చేతులు మారినా మన సంతకం దాన్ని వదలదు. ఎప్పుడో ఒకనాడు, మనం మొహం కూడా చూడనివాడొకడు ఆ సంతకాన్ని నమ్మి ఆ బండి కొంటాడు. దాని మీదే ఇల్లు గడుపుకుంటాడు. కుర్చీ, బల్ల, స్కూటరు అన్నీ మనవే అనుకుంటాం గానీ, ఈ వృత్తిలో మనకున్న ఆస్తల్లా ఆ సంతకమే. అది ఒకసారి చెల్లకపోతే మనం చెల్లం.

ఈ మాట నాకు మొదటి రోజునే చెప్పారు. అర్థం కావడానికి మాత్రం దాదాపు రిటైరయ్యేదాకా పట్టింది.

కామేశ్వర్రావుగారి క్యారేజీ

చెప్పినాయన కామేశ్వర్రావుగారు. నాకు పని నేర్పింది ఆయనే. బక్కపల్చటి మనిషి. ఎక్కడికెళ్ళినా చేతిలో గిన్నెల క్యారేజీ, భుజానికి మంచినీళ్ళ సీసా. ఎంత గొప్పింటికి వెళ్ళినా సరే, బండి చూసి రిపోర్టు రాసేదాకా అక్కడ పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు.

మా గోదావరి జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. ఇంటికొచ్చినవాడు ఏమీ పుచ్చుకోకుండా గుమ్మం దిగితే ఆ ఇంటికి తలవంపులు. కరెంటు రీడింగు తీసేవాణ్ణి కూడా కాఫీ తాగందే కదలనివ్వరు. అందుకని జనం ఆయన్ని మడిమనిషి అనుకునేవారు. నేను చాదస్తం అనుకునేవాణ్ణి.

ఒకసారి మండపేట దగ్గర ఒక రైతుగారింటికి వెళ్ళాం. అరుగు మీద కుర్చీలు వేశారు, పళ్ళెంలో పూతరేకులు పెట్టారు. కామేశ్వర్రావుగారు ఆ పళ్ళెం వైపు చూడకుండా తిన్నగా కారు దగ్గరికెళ్ళి, బానెట్ మీద అరచెయ్యి పెట్టారు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు.

"సూర్నారాయణా, నువ్వూ చెయ్యి పెట్టి చూడవయ్యా."

పెట్టాను. వెచ్చగా ఉంది.

"మనకంటే ముందే దీనికెవరో కాఫీ ఇచ్చేశారు," అన్నారాయన.

అంటే మేం వచ్చేలోపే ఎవరో ఇంజను నడిపి వేడెక్కించి ఉంచారు. చల్లటి ఇంజనులో కనబడే రోగాలు వెచ్చటి ఇంజనులో కనబడవు. ఆయన అరుగెక్కి, క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చున్నారు. "చల్లారనివ్వండి. మాకేం తొందర లేదు."

రైతుగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ఎంతసేపని కూర్చుంటారండీ? ఒక్క పూతరేకన్నా నోట్లో వేసుకోండి."

"బండి చూశాక తప్పకుండా తింటానండి."

ఇంజను చల్లారాక స్టార్టు చేస్తే అది దగ్గి, మూలిగి, ఇంత నీలంపొగ వదిలింది. కామేశ్వర్రావుగారు ఉన్నదున్నట్టు రాశారు. సంతకం పెట్టి, పెన్ను జేబులో పెట్టి, "ఇప్పుడు తెప్పించండి మీ పూతరేకులు" అన్నారు. ఎవరూ తేలేదు. కాలవగట్టు మీద కూర్చుని క్యారేజీ విప్పుకున్నాం.

"ముందే తినేసి, ఆ తర్వాత నిజమే రాయొచ్చు కదండీ?" అన్నాను నేను.

"నువ్వు రాయగలవేమోనయ్యా. నా వల్ల కాదు. నాకు మొహమాటం ఎక్కువ."

అదీ సంగతి. తనకి మొహమాటం ఎక్కువని ఆయనకి తెలుసు గనక జీవితమంతా క్యారేజీ మోశారు. నాకు అంతకంటే ఎక్కువని నాకు తెలీదు గనక నేను మొయ్యలేదు.

అంటు కట్టిన కారు

కడియంలో వీర్రాజుగారికి పెద్ద నర్సరీ ఉంది. మామిడి, సపోటా అంట్లు ఆయన దగ్గర కొంటే చచ్చేవి కావని పేరు. మనిషి భారీ. ఆయన మర్యాద ఇంకా భారీ. ఆ ఇంటికి వెళ్ళినవాడెవడూ నడిచి తిరిగి రాలేదని మా ఆఫీసులో అనేవారు. అంటే భోజనం అయ్యాక నడవలేరని.

ఆయన దగ్గరొక తెల్లకారు ఉండేది. పెట్రోలు కారే గానీ, పెట్రోలు ధరకి భయపడి గ్యాసు కిట్టు కూడా పెట్టించారు. లోపల స్టీరింగు పక్కన ఒక స్విచ్చి. ఒకవైపు నొక్కితే పెట్రోలు, రెండోవైపు నొక్కితే గ్యాసు. అప్పట్లో అలాంటి బండ్లు మా వైపు కొత్త. బీమా గడువు దాటిపోయిందని కంపెనీ నన్ను పంపింది.

"మామిడికి అంటు కడతాం చూడండీ, అలా పెట్రోలు బండికి గ్యాసు అంటు కట్టించానండి," అన్నారు వీర్రాజుగారు. "హైబ్రిడ్డండి ఇది. మా మొక్కల్లాగే."

వెళ్ళగానే కాఫీ. కాఫీ వెనకాల పెసరట్టు. పెసరట్టుతో పాటు, "కూర్చోండి, ఎండన పడొచ్చారు, బండెక్కడికి పోద్దండీ" అన్న మాట. తిని, తుడుచుకుని, షెడ్డులోకి వెళ్ళేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. స్విచ్చి గ్యాసు వైపు ఉంది. తాళం తిప్పగానే ఇంజను మెత్తగా అందుకుంది. బాగుంది. ఇంక పెట్రోలు వైపు నొక్కి చూద్దామని వేలు పెట్టబోతుంటే, "విస్తళ్ళు వేసేశారండీ! అన్నం చల్లారిపోద్ది!" అని లోపల్నుంచి కేక.

ఆవపెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్తావకాయ, మీగడ పెరుగు. అన్నింట్లోనూ ఒక కమ్మటి వాసన. మూడో ముద్ద దగ్గర కనిపెట్టాను.

"కట్టెలపొయ్యి మీద వండించారా ఏంటండీ? ఈ రుచి గ్యాసుపొయ్యికి ఎక్కణ్ణించి వస్తుందండీ!"

వీర్రాజుగారు పొంగిపోయారు. "మరేనండి! అసలు రుచంటే కట్టెలపొయ్యిదేనండి."

వంటింటి గుమ్మంలో ఆయన భార్య మహాలక్ష్మిగారు నిలబడి ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రుచి మీకండీ అన్నయ్యగారూ, పొగ మాకు," అన్నారావిడ. హాస్యమాడారనుకుని గట్టిగా నవ్వాను. ఇంకో గరిటె కూర వేయించుకున్నాను.

భోజనమయ్యాక అరుగు మీద పడక్కుర్చీ, నోట్లో తాంబూలం, పైన ఫ్యాను. రిపోర్టు అక్కడే రాశాను. పెట్రోలు మీద చూడలేదన్న సంగతి గుర్తుంది. లేచి వెళ్ళి చూడాలి. కానీ ఇంత పెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, "ఆగండి, మీ బండి మీద నాకింకా అనుమానం తీరలేదు" అని ఎలా అనడం? బానెట్ ఎత్తాను గానీ తల ఎత్తలేకపోయాను. 'రెండు ఇంధనాల మీదా నడక సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాను. ఎవరి సంతృప్తి అని కంపెనీవాళ్ళు అడగలేదు.

జాతర దారి

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. తనది పెద్దాపురం. ఆషాఢంలో మరిడమ్మ జాతరకి వెళ్ళకపోతే తనకి ఆ ఏడు గడిచినట్టుండదు. బస్సు మెట్లు ఎక్కలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, "ఈసారి నిన్ను కారులో తీసుకెళ్తాను సత్యా" అని మాటిచ్చేశాను. సరిగ్గా అప్పుడే వీర్రాజుగారు ఆ తెల్లకారు అమ్ముతున్నారని తెలిసింది.

వెళ్ళాను. బానెట్ దాకా కూడా వెళ్ళలేదు.

"మీరు చూసిన బండే కదండీ," అన్నారాయన, రిపోర్టు నా చేతిలో పెడుతూ. "మీకు నేను చెప్పేదేముందండీ? మీ చేత్తో మీరు రాసిందే."

కొత్తవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. మళ్ళీ చూస్తానంటే, మొదటిసారి సరిగ్గా చూడలేదని ఒప్పుకున్నట్టు. చూడకుండా కొంటే, సరిగ్గా చూశానని నన్ను నేను నమ్మించుకున్నట్టు. రెండోదే తేలిక. పైగా లోపల్నుంచి తాలింపు వాసన వస్తోంది.

"గ్యాసు నిండుగా పోయించే ఇస్తున్నానండి, మా తృప్తికి," అన్నారు వీర్రాజుగారు.

జాతరరోజున సత్యవతి పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. అనపర్తి దాటేదాకా కారు వెన్నలా నడిచింది. దాటాక గ్యాసు అయిపోయింది. పెట్రోలు ట్యాంకు నేనే నింపించాను గనక దర్జాగా స్విచ్చి రెండోవైపు నొక్కాను. కారు ఒకసారి తుమ్మి ఆగిపోయింది. తాళం తిప్పాను. మళ్ళీ తిప్పాను. బ్యాటరీ నీరసించేదాకా తిప్పాను. ఏళ్ళ తరబడి పెట్రోలు మొహం చూడని కార్బురేటరు లోపల జిగురు కట్టి, పంపులో రబ్బరు ఎండిపోయి చీలి ఉంది. పెట్రోలు వైపు ఎప్పుడో చచ్చిపోయింది. నేను రాసిన రిపోర్టులోనే బతికుంది.

వెనకాల పెద్దాపురం బస్సు వచ్చింది. జాతర జనంతో కిటకిటలాడుతోంది. సత్యవతి దిగి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఎవరో చెయ్యి అందిస్తే ఎలాగో మెట్లెక్కింది. తిట్టలేదు. తలుపు దగ్గర నిలబడి ఒక్క మాటంది.

"ఏవండీ, ఆ రిపోర్టు రాసినాయనెవరో గానీ, చెయ్యి కడుక్కోకుండా రాసినట్టున్నాడు."

బస్సు కదిలింది. నేను కారు పక్కన వానలో నిలబడ్డాను. తిన్న భోజనం నాకు చక్కగా అరిగింది. ఇంజనే అరిగిపోయింది.

పనసపొట్టు చెప్పిన సాక్ష్యం

కారుని ఇంటికి లాగించాక, కనీసం గ్యాసన్నా పోయిద్దామనుకున్నాను. అప్పుడు తట్టింది. ఎక్కడ పోయించాలి? కార్లకి గ్యాసు పోసే బంకు మా వైపు ఎక్కడా లేదు. నేను రిపోర్టు రాసిన నాటికీ లేదు. మరి ఇన్నేళ్ళూ ఈ కారు తాగిందేంటి?

వీర్రాజుగారికి ఫోను చేశాను.

"గ్యాసు ఎక్కడ పోయించేవారండీ?"

"ఇంట్లోనేనండి."

"ఇంట్లోనా?"

"వంటింటి సిలిండరండి. గొట్టం పెట్టి కారు ట్యాంకులోకి దింపేసుకునేవాళ్ళం. అందరం అంతే కదండీ, మీకు తెలీందేముంది! ఆరోజు మీరు మెచ్చుకున్నారు కూడా."

"నేనేం మెచ్చుకున్నానండీ?"

"కట్టెలపొయ్యి వంటండి!"

ఫోను పెట్టేశాక అర్థమైంది. ఇంటి సిలిండరు కారులో ఉంది గనకే ఆ ఇంట్లో కట్టెల మీద వండారు. కారు రోగం బానెట్ కింద కాదు, నా విస్తట్లో ఉంది. రుచి చూసి మరీ మెచ్చుకుని, రెండోసారి వడ్డించుకున్నాను. పొగకి ఎర్రబడ్డ కళ్ళతో ఒకావిడ గుమ్మంలో నిలబడి సాక్ష్యం చెబితే హాస్యమనుకుని నవ్వాను. ఈ గొట్టాల వ్యవహారం చట్టానికి విరుద్ధం. అది అటుంచి, ఇల్లు ఎగిరిపోకపోవడం వాళ్ళ అదృష్టం. నేను రాయాల్సింది అది. రాసింది సంతృప్తికరం.

వీర్రాజుగారు నన్ను మోసం చేశారని నేననను. ఆయన ఏదీ దాచలేదు. పెట్రోలు మీద నడవదని నాకు తెలుసనే ఆయన నమ్మకం. సర్వేయరు చూశాడు కదా మరి! ఇద్దరం నా సంతకాన్నే నమ్మాం.

కాగితం ఎలా చదవాలంటే

ఇక కుర్రాళ్ళు అడిగినదానికి జవాబు.

రిపోర్టు చేతికి రాగానే దాంట్లో లోపాల కోసం వెతకండి. ఒక్క లోపం కూడా రాయని రిపోర్టయితే పక్కన పెట్టేసి మీరే బండి కిందికి దూరండి. నాలుగేళ్ళు తిరిగిన బండికి ఒక తలుపన్నా కిర్రుమంటుంది, ఒక దీపమన్నా వెలగనంటుంది. కుడివైపు వెనక అద్దం దిగడం లేదు అని రాసినవాడు నిజంగా ఆ అద్దం దించి చూశాడన్నమాట. వాడి మిగతా మాటలూ నమ్మొచ్చు. అన్నీ బాగున్నాయని రాసినవాడు అరుగు దిగలేదు.

ఎక్కడ చూశాడో చూడండి. మెకానిక్ షెడ్డులో చూసి రాసినదానికీ, యజమాని ఇంట్లో చూసి రాసినదానికీ తేడా ఉంటుంది. ఏ ఋతువులో రాశాడో కూడా చూడండి. మామిడిపళ్ళ రోజుల్లో తోటలున్నవాళ్ళ బండ్లకి రాసిన రిపోర్టులు కాస్త ఎక్కువ తియ్యగా ఉంటాయి. నేనూ రాశాను గనక చెబుతున్నాను. ఒకే బండికి వరసగా నాలుగు రిపోర్టులుండి, నాలుగింట్లోనూ అవే మాటలుంటే, మొదటివాడు బండి చూశాడు, మిగతావాళ్ళు మొదటివాణ్ణి చూశారు.

రెండు ఇంధనాల బండైతే ఇంకో మాట. రెండింటి సంగతీ వేరువేరుగా రాశాడా, కలిపి రాశాడా? 'రెండింటి మీదా బాగుంది' అని ఒకే గుక్కలో రాశాడంటే ఒకదాని మీదే చూశాడని అర్థం. మొక్క కొనడానికి కడియం వచ్చినవాడు ఆకు చూడడు, అంటు కట్టినచోటు వేలితో తడిమి చూస్తాడు. బండికి ఆ చోటు స్విచ్చి. నడుస్తుండగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మార్చి చూడాలి. ఆ రెండో ఇంధనం ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర పోయించారో అడగాలి. బండి బాగోగులు చెప్పనివాళ్ళు కూడా దీనికి ఠక్కున జవాబు చెప్పేస్తారు. ఇప్పుడు పెట్రోలూ కరెంటూ కలిసిన బండ్లు వస్తున్నాయని పేపర్లో చదివాను. వాటి గురించి నాకేమీ తెలీదు. కానీ అక్కడా రెంటినీ ఒకటి చేశారు కదా, అంటు చూడండి.

అన్నింటికంటే ముందు, క్యారేజీ కొనుక్కోండి.

శ్రీను

కారు అమ్మకానికి పెట్టాను. రైల్వేస్టేషను దగ్గర ఒకాయన కారు అద్దెకి నడిపే డ్రైవరు శ్రీను వచ్చాడు. సొంత బండి మీద బతకాలని అతని ఆశ. భార్య నగలు తీసి తాకట్టు పెట్టేందుకు సిద్ధమై వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, కాగితాలడిగాడు. రిపోర్టు తీసి చదివాడు. మొహం విప్పారింది.

"తవరి సంతకమేనాండీ ఇది?"

"నాదే."

"అయితే ఇంకేం చూడక్కర్లేదండి. మా టాక్సీ స్టాండులో అందరూ అంటారండి, సూర్నారాయణగారి సంతకం ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చని."

నేను రాసింది నేనే నమ్మి మోసపోయానంటే నవ్వుకోవచ్చు. కానీ నేను రాసింది నమ్మి శ్రీను మోసపోతే అందులో నవ్వడానికేమీ లేదు. అతని ఇల్లు అనపర్తి దాటాక ఆగిపోతుంది. నిజం చెబితే, స్టేషను దగ్గర సాయంత్రానికల్లా నా పేరు పోతుంది. ఇన్నేళ్ళ సంతకం ఒక్క పూటలో చెల్లని నాణెమవుతుంది. ఊరుకుంటే కారు అమ్ముడైపోతుంది.

సత్యవతి రెండు గ్లాసులతో కాఫీ పట్టుకొచ్చింది. గ్లాసు నా చేతికివ్వకుండా నా మొహం వైపు చూస్తూ నిలబడింది.

"కాఫీ తర్వాత," అన్నాను. "శ్రీనూ, ఆ కాగితం ఇలా ఇవ్వు. అది భోజనం చేశాక రాసింది. రా, బండి చూద్దాం."

ఇద్దరం కలిసి చూశాం. అతను టార్చి పట్టుకున్నాడు, నేను కిందికి దూరాను. కొత్త కాగితం తీసి మొదలుపెట్టాను. పెట్రోలు పంపు పనికిరాదు. కార్బురేటరు పట్టేసింది. గ్యాసు వేడికి వాల్వులు అరిగాయి. డిక్కీ అడుగున తుప్పు. కుడివైపు వెనక అద్దం దిగదు. కాగితం వెనకవైపు కూడా రాశాను. చివర్న, పాత రిపోర్టు నేనే రాశాననీ, అది తప్పనీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

శ్రీను రెండువైపులా చదివాడు. నేను వెళ్ళిపోతాడనుకున్నాను.

"ఇన్ని రోగాలు రాసిన కాగితం నా సర్వీసులో చూళ్ళేదండి," అన్నాడు. "ఇంకేమీ మిగల్లేదు కదండీ?"

"నాకు కనబడినంతలో లేదు."

"అయితే తీసుకుంటానండి. బాగుందన్న బండికి ఎప్పుడేం పుట్టుద్దో తెలీదు. దీనికేం ఉందో తెల్సిపోయింది కదా."

కాఫీ చల్లారిపోయింది. ఇద్దరం అదే తాగాం. గ్యాసు కిట్టు తీయించి, పెట్రోలు వైపు బాగుచేయించే పూచీ నేను తీసుకున్నాను. నా పేరు పోలేదు సరికదా, స్టాండులో ఇంకో రకంగా పెరిగింది. బండి కొనేముందు "వెనకవైపు కూడా రాసే సారు" దగ్గరికెళ్ళమని చెప్పుకోవడం మొదలుపెట్టారు. మరుసటేడు మరిడమ్మ జాతరకి సత్యవతి ఆ తెల్లకారులోనే వెళ్ళింది. శ్రీను నడిపాడు. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టారు.

క్యారేజీ

రిటైరవబోయే ముందు కడియం నుంచి మళ్ళీ పిలుపొచ్చింది. వీర్రాజుగారు ఇంకో పాత కారు కొన్నారు. దీనికీ గ్యాసు అంటు కట్టించారు. కంపెనీ నన్నే వెళ్ళమంది.

బజారుకెళ్ళి మూడు గిన్నెల క్యారేజీ కొన్నాను. సత్యవతి అందులో పెరుగన్నం, ఆవకాయ బద్ద పెట్టి, "మొహమాటానికి మూత గట్టిగా బిగించండి" అంది.

గేటు దగ్గరే వీర్రాజుగారు ఎదురొచ్చారు. నా చేతిలో క్యారేజీ చూడగానే ఆయన మొహం వాడిపోయింది.

"అదేంటండీ అది?"

"భోజనమండి."

"మా ఇంటికొస్తూ భోజనం తెచ్చుకున్నారాండీ!"

"ఆయ్. ముందు వంటిల్లు చూపించండి."

కారు వైపు వెళ్ళకుండా తిన్నగా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. లోపల పొగ. మహాలక్ష్మిగారు గొట్టంతో పొయ్యి ఊదుతున్నారు. నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నారు.

"అమ్మా, సిలిండరేదమ్మా?"

"కారెక్కిందండీ అన్నయ్యగారూ. నేనే ఎక్కలేదు."

ఆరోజు నవ్వినందుకు ఈసారి నవ్వలేదు. షెడ్డులోకి వెళ్ళి స్విచ్చి రెండువైపులా నొక్కి, నడిపి, మార్చి, కిందికి దూరి, పైకి లేచి, ఉన్నవన్నీ రాశాను. ఆ తర్వాత పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను.

"సంతకమండీ?" అన్నారు వీర్రాజుగారు.

"సిలిండరు వంటింట్లోకెళ్ళాక. ఇప్పుడు రాజమండ్రిలో బంకు వచ్చింది కదండీ. కారు అక్కడ తాగుతుంది."

"అలాగేలెండి, అలాగే. ముందు రండి, ఆకులేశారు. పనసపొట్టండి!"

వాసన అప్పటికే వస్తోంది. ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కుతోంది. నేను అరుగు మీద కూర్చుని క్యారేజీ మూత తీశాను. నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెడుతున్న కూలీలు ఒక్కొక్కరే గొట్టాలు వదిలేసి నిలబడ్డారు. వీర్రాజుగారింటి అరుగు మీద ఒక మనిషి సొంత పెరుగన్నం తింటున్నాడు. కడియంలో అలాంటిది ఎవరూ చూసి ఉండరు.

"ఒక్క ముద్దండీ సర్వేయరుగారూ," అన్నారాయన, గొంతు తగ్గించి. "ఊళ్ళో తలెత్తుకోలేనండి. మీకు దణ్ణం పెడతాను."

"మీ మర్యాదకేం లోటు లేదండి. నాకే మొహమాటం ఎక్కువ," అని ఇంకో ముద్ద కలుపుకున్నాను.

వీర్రాజుగారు పంచె ఎగ్గట్టి, షెడ్డులోకెళ్ళి, గొట్టం ఊడదీసి, ఆ సిలిండరుని తనే దొర్లించుకుంటూ పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి తీసుకెళ్ళారు. లోపల పొయ్యి వెలిగిన చప్పుడు వినబడింది. ఆ వెనకాలే మహాలక్ష్మిగారి నవ్వు. నేను సంతకం పెట్టి, క్యారేజీ మూసుకుని, గుమ్మం దిగి వచ్చేశాను. పనసపొట్టు వాసన గేటు దాకా సాగనంపింది. పంతం నెగ్గింది గానీ, కడుపు నిండలేదు.

తర్వాతి వారం శ్రీను కడియం కిరాయికి వెళ్ళొస్తూ ఒక స్టీలు డబ్బా తెచ్చాడు. మహాలక్ష్మిగారు పంపారట. పనసపొట్టు కూర. "గ్యాసు మీద వండారట, ఎలా ఉందో చెప్పమన్నారండి," అన్నాడు.

రిపోర్టు ఎప్పుడో పంపేశాను గనక నిర్భయంగా తిన్నాను. నిజం చెప్పొద్దూ, కట్టెలపొయ్యి మీద వండినంత రుచి లేదు.

ఫోను చేసి, "సంతృప్తికరమమ్మా" అన్నాను. భోజనం తర్వాత నేనిచ్చిన ఆఖరి రిపోర్టు అదే.